హైదరాబాద్‌లో 2023 దాకా నిలిచిన ఒక చట్టం గురించి చెప్పండి

జూన్ రాగానే అందరూ న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ అనే గే బార్ కథే చెబుతారు, గేలు, ట్రాన్స్ వాళ్ల హక్కుల కోసం జరుపుకునే ప్రైడ్ నెలలో గుర్తు చేసుకోవడానికి మన దగ్గర చరిత్రే లేదా అని ఒకరు అడిగారు. ఎందుకు లేదు! నేను గే, ఉద్యోగం హైదరాబాద్‌లో. మా ఆఫీసులో ప్రైడ్ కార్యక్రమం నా చేతికి వచ్చినప్పుడు ఈ ఊరి చట్టాన్నే తీసుకున్నాను.

1919లో, అంటే నిజాం కాలపు ఫసలీ లెక్కలో 1329లో, నిజాం రాజ్యంలో హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. బ్రిటిష్‌వాళ్లు 1871లో చేసిన నేరస్థ తెగల చట్టం దీనికి నమూనా. మగపిల్లల్ని ఎత్తుకుపోతారని అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు రిజిస్టర్లోకి ఎక్కించాలి. రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. పేరు ఎక్కిన మనిషి ఆడవాళ్ల బట్టలతోనో నగలతోనో వీధిలో కనబడితే వారంట్ లేకుండా పట్టుకెళ్లొచ్చు. వీధిలో ఆడినా పాడినా అంతే. రెండేళ్ల దాకా జైలు.

నిజాం పాలన పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. చట్టం పేరులో రాష్ట్రం పేరు మారుతూ వచ్చింది గానీ చట్టం కదల్లేదు. 2018లో ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైకోర్టుకు వెళ్లారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్ వాళ్లకు ఆసరా పింఛను ఇవ్వాలనీ, చదువుల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ కల్పించాలనీ చెప్పింది. ఇంత పెద్ద గెలుపు మన కళ్లముందే జరిగితే, ఇదే ఊళ్లో ఉంటున్న నా తోటి ఉద్యోగులు చాలామంది దాని గురించి విననే లేదు. నాకు బాధనిపించేది అదే.

మా ఆఫీసు కార్యక్రమానికి ఒక ట్రాన్స్ పెద్దావిడను కూడా పిలిచాం. జరీ అంచు చీర, మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు. నేను ఆ సెక్షన్‌ను తెలుగులో చదువుతుంటే మధ్యలో ఆపి, "గీ గాజులకే రెండేండ్లా బిడ్డా?" అని చెయ్యి ఎత్తి చూపించింది. తర్వాత మైకు ఆమెకే ఇచ్చేశాం. వాళ్ల గురువు పాతబస్తీలో బధాయికి, అంటే శుభకార్యం జరిగిన ఇంట్లో ఆడిపాడి దీవించడానికి, వెళ్లేటప్పుడు గజ్జెలు కొంగున మూటగట్టుకుని, ఆ ఇంటి గడప దాటాకే కట్టుకునేదట. చట్టం సంగతి వాళ్లెవరికీ తెలియదు, పోలీసుల కంట పడకూడదని మాత్రం తెలుసు. నేను తయారుచేసుకున్న స్లైడ్లలో ఇంత చరిత్ర లేదు.

స్టోన్‌వాల్‌ను నేను తక్కువ చేయడం లేదు. 1969 జూన్ 28న అక్కడ పోలీసుల దాడి మీద తిరగబడ్డవాళ్ల వల్లే జూన్ మనకు ప్రైడ్ నెల అయింది. దాన్ని చెప్పండి, పక్కనే దీన్నీ చెప్పండి. 1999 జులై 2న కలకత్తాలో పదిహేను మందితో సాగిన ఫ్రెండ్‌షిప్ వాక్‌ను, అంటే మన దేశపు తొలి ప్రైడ్ నడకను కూడా కలుపుకోవచ్చు. హైకోర్టు తీర్పు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి ముఖ్యమైన పేరాలు ముందే తెలుగు చేసి పెట్టుకోండి, చదివి వినిపిస్తే ఆ ప్రభావమే వేరు.

పెద్దవాళ్లను పిలిస్తే మాత్రం వాళ్ల రాకపోకల ఖర్చు, పారితోషికం ముందే మాట్లాడండి. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లకూ ముందే చెప్పి ఉంచండి. ఐడీ కార్డులో పేరు వేరే ఉందని అక్కడ నిలబెట్టి ప్రశ్నలు వేస్తే, లోపల మనం ఎంత చప్పట్లు కొట్టినా ఆమెకు పట్టదు.