వైన్ విందులు నడిపే ఉద్యోగం: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాను. మా అమ్మాయి హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ రెండో సంవత్సరం చదువుతోంది. శిక్షణలో భాగంగా ఒక పెద్ద హోటల్లో, ఒక్కో వంటకానికి ఒక్కో బీరో వైనో జత చేసి వడ్డించే విందు చూసిందట. అప్పటి నుంచి సొమెలియర్ (హోటల్లో వంటకానికి తగిన వైన్ ఎంచి వడ్డించే నిపుణురాలు) అవుతానని, దానికి వేరే కోర్సు ఉందని, ఫీజు కట్టమని పట్టుబడుతోంది. మా ఇంట్లో మందు ముట్టినవారు లేరు. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం నాకు అర్థమైంది. మన ఊళ్లలో వైన్స్ బోర్డు ముందు కనిపించే దృశ్యాలు అలాంటివి. కానీ ఇది తాగే ఉద్యోగం కాదు. రుచి చూసినవారు ఉమ్మేస్తారు, అందుకు పక్కనే పాత్ర పెట్టుకుంటారు. మీ మిల్లులో వడ్లగింజ కొరికి తేమ చెప్పే మనిషి దాంతో కడుపు నింపుకోడు కదా! అయినా రోజూ సీసాల మధ్య పని. అలవాటులో పడినవారూ ఉన్నారు. ఆ సంగతి అమ్మాయితో మొహమాటం లేకుండా మాట్లాడండి.

ఆమె చూసిన విందు వెనుక చాలా కసరత్తు ఉంటుంది. షెఫ్‌తో కూర్చుని, వంటకాలు రుచి చూసి, జతలు కుదర్చాలి. కారం ఎక్కువున్న కూరకు వగరు, ఆల్కహాల్ ఎక్కువున్న రెడ్ వైన్ ఇస్తే నోరు మరింత మండుతుంది. కొద్దిగా తీపి ఉన్న రీస్లింగ్ లాంటి వైట్ వైన్ అక్కడ నయం. వేయించిన చేపకు బీరు బాగుంటుంది, దాని బుడగలు నూనె జిడ్డును కడిగేస్తాయి. చాక్లెట్ తీపికి నల్లటి స్టౌట్ బీరు. చింతపండు పులుసు పక్కన పులుపు తక్కువున్న వైన్ చప్పబడిపోతుంది. వైట్ వైన్ 8 నుంచి 12 డిగ్రీల చల్లదనంలో, రెడ్ వైన్ 15 నుంచి 18 డిగ్రీల్లో ఉండాలి. ఇవి కాక గ్లాసుల లెక్క, స్టాకు లెక్క.

మన నాటుకోడి కూరకు ఏది నప్పుతుందో విదేశీ పుస్తకాల్లో పెద్దగా దొరకదు. ఈ కారం, ఈ పులుపు నాలుకకు తెలిసిన మనిషే చెప్పాలి. ఈ రంగంలో మీ అమ్మాయికున్న అసలు బలం అదే అంటాను. ముక్కుకు సాధన ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు: బత్తాయి తొక్క, మిరియాలు, లవంగాలు కళ్లు మూసుకుని వాసనతో గుర్తుపట్టమనండి. ఖర్చు లేదు.

ఇక ఫీజు. ఇప్పుడే కట్టకండి. అచ్చంగా సొమెలియర్ పోస్టులు మన దగ్గర చాలా తక్కువ. ఎక్కువమంది స్టీవార్డుగా చేరి, ఏళ్లు ట్రే మోసి అక్కడికి చేరినవారే. పైగా తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు, మీ అమ్మాయికి ఆ వయసు వచ్చిందో లేదో చూసుకోండి. లండన్‌లో 1969లో మొదలైన డబ్ల్యూఎస్ఈటీ (వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్) సంస్థ వైన్ కోర్సులకు మంచి పేరుంది. మొదటి రెండు స్థాయుల్లో రాతపరీక్షే, రుచి పరీక్ష మూడో స్థాయిలో వస్తుంది. బీరుకు అమెరికా వారి సిసెరోన్ పరీక్షలున్నాయి. రెండూ ఒకేసారి వద్దు. ఎవరో అకాడమీ అని బోర్డు పెట్టి సర్టిఫికెట్ ఇస్తామంటే, ఆ కేంద్రానికి మాతృసంస్థ గుర్తింపు ఉందో లేదో చూడండి.

ఆడపిల్లకు ఈ పనేమిటని చుట్టాలు అంటారు, అననివ్వండి. మద్యం వడ్డించే చోట స్త్రీలు పనిచేయరాదని ఢిల్లీలో అమలైన పాత నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు 2007లోనే తేల్చింది. మన దేశంలో నివసిస్తూ 2016లో మొదటగా, వైన్ రంగంలో అత్యున్నతంగా భావించే 'మాస్టర్ ఆఫ్ వైన్' పట్టా సాధించిన సోనాల్ హాలండ్ మహిళే. మీరు నిలదీయాల్సింది వేరే ఉంది: డ్యూటీ అర్ధరాత్రి దాటుతుంది, ఇంటికి చేర్చే వాహనం హోటల్ ఇస్తుందా? ఇవ్వని చోట చేర్చకండి.

డిగ్రీ పూర్తి చేసి, రెస్టారెంట్ సర్వీసులో ఒక ఏడాది నిలబడనివ్వండి. ఆ డబ్బు అప్పటిదాకా బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి. అప్పుడూ ఇదే కోరితే డబ్ల్యూఎస్ఈటీ రెండో స్థాయికి ఫీజు కట్టండి.