మూడు చెబితే ఒకటే తెస్తోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దేవరకొండ దగ్గర ఊరు. మా పాప 30 వారాలకే పుట్టింది, కిలో మూడు వందల గ్రాములు. నెల పైనే అద్దాల పెట్టెలో ఉంచారు. ఇప్పుడు మూడో తరగతి. మాటకారి, పాటలన్నీ నోటికొచ్చు. కానీ కిరాణం షాపుకు పంపి చింతపండు, పసుపు, సబ్బు తెమ్మంటే సబ్బు ఒక్కటే తెస్తుంది. నోటి లెక్కలు మధ్యలో వదిలేస్తుంది. మా అత్తమ్మ 'ఎనిమిదో నెల పిల్ల, అంతే' అంటుంది. మెదడు స్కాన్ తీయించాలా?

జవాబు: ముందు అత్తమ్మగారి మాట సంగతి చూద్దాం. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మన ఊళ్లలో ఇప్పటికీ అంటారు. ఉల్టా అమ్మా! కడుపులో గడిపే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఆ మాట పాప ముందు మాత్రం అననివ్వకండి.

మెదడు పైపొర బాగా ముడతలు పడేది, బరువు వేగంగా పెరిగేది చివరి మూడు నెలల్లోనే. 35 వారాలప్పుడు కూడా బిడ్డ మెదడు నెలలు నిండిన బిడ్డ మెదడులో మూడింట రెండు వంతులే తూగుతుంది. మీ పాపకు ఆ ఎదుగుదల గొట్టాలు, సూదుల మధ్య జరిగింది. పైగా జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోకాంపస్‌కు ఆక్సిజన్ తగ్గితే తట్టుకునే శక్తి తక్కువ. 30 వారాలకో అంతకుముందో పుట్టి టీనేజీకొచ్చిన పిల్లల్లో ఆ భాగం చిన్నదిగా ఉందని, రోజువారీ సంగతులు మరిచిపోవడం ఎక్కువని లండన్ పరిశోధకులు 2000లో చెప్పారు. అది కొద్దిమంది మీద చేసిన పరిశోధనే, కానీ తర్వాత వచ్చినవీ చాలావరకు ఆ వైపే చూపాయి.

ఇలాంటి పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఇబ్బంది, విన్నదాన్ని మనసులో పట్టుకుని దానితో పని చేయడం. వర్కింగ్ మెమరీ అంటాం. మూడు సరుకులైనా, నోటి లెక్కయినా తడబడేది అక్కడే. పాప మొండితనమూ, బద్ధకమూ కాదు. కొడితే టెన్షన్‌కు ఉన్నది కూడా పోతుంది.

స్కాన్ వద్దు. పరిశోధనల్లో కనిపించేది గుంపు సగటు, మీ పాప రేపు ఎలా చదువుతుందో ఫిల్మ్ చెప్పదు. ఫిట్స్, నడకలో తేడా ఉంటే మాత్రం వెంటనే చూపించండి. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి, ముందే పుట్టిన పిల్లల్లో ఆ లోపాలు ఎక్కువ. ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో నడిచే డీఈఐసీ సెంటర్లు (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రాలు) 18 ఏళ్ల వరకు ఉచితంగా చూస్తాయి.

ఇంట్లో ఒకసారికి ఒక్క పనే చెప్పండి, తిరిగి చెప్పించండి. షాపుకు చీటీ రాసివ్వండి. లెక్కలు నోటితో కాదు, చింతగింజలతో, కాగితం మీద చేయించండి. టీచర్‌కు పుట్టుక సంగతి చెప్పి ముందు బెంచీ అడగండి. మెమరీ టానిక్ డబ్బుతో కోడిగుడ్లు కొనండి.

మీరు అడగలేదు గానీ, రెండో కాన్పు అనుకుంటే మొదటి చెకప్‌లోనే ఈ కాన్పు గురించి చెప్పండి, మళ్లీ ముందే అయ్యే అవకాశం ఎక్కువ. నెలలు నిండకముందే నొప్పులొస్తే ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి. అక్కడ సమయానికి తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్లు బిడ్డ ఊపిరితిత్తులకు మేలు చేస్తాయి, మెదడులో రక్తస్రావం ముప్పునూ తగ్గిస్తాయి.