హైదరాబాద్ ఎండల్లో పిజ్జా పిండి: నీళ్లు ఎన్ని, ఈస్ట్ ఎంత, ఎంతసేపు పొంగనివ్వాలి?

మీరు చెప్పింది ఇదీ: రెండు కప్పుల మైదాలో ఒక చెంచా ఈస్ట్ వేసి, వేడి నీళ్లతో కలిపి రెండు గంటలు మూత పెట్టి ఉంచారు. పిండి పుల్లటి వాసనతో జావలా చేతికి అంటుకుంది. మరో రెండు గుప్పిళ్ల మైదా చల్లి దారికి తెచ్చి, ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు కాల్చారు. బేస్ ఎర్రబడకుండా తెల్లగానే ఉండి, రస్కులా గట్టిపడింది. ఈస్ట్ పాడైందేమోనని మీ అనుమానం.

ఈస్ట్ బాగానే ఉందండి. చచ్చిన ఈస్ట్ అయితే పిండి అసలు పొంగదు, కలిపిన ముద్ద కలిపినట్టే ఉంటుంది. మీకు జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. మే నెల వంటగది వేడికి తోడు వేడి నీళ్లు కూడా పోయడంతో గంటలోపే పొంగాల్సిందంతా పొంగి, మిగతా గంటలో పులిసి కూలిపోయింది. తర్వాత చల్లిన మైదా పిండిలో నీటి శాతం తగ్గించింది. ఆపైన తక్కువ మంట మీద ఎక్కువసేపు ఉండేసరికి మిగిలిన తడి కూడా ఆరిపోయింది. దోసె పిండి ఎండాకాలంలో సాయంత్రానికే పులిసిపోయి, చలికాలంలో రాత్రంతా ఉంచినా పొంగకపోవడం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. పిజ్జా పిండిదీ అదే స్వభావం. గడియారం చూసి చేస్తే కుదరదు.

ముందు కొలతలు. 10 అంగుళాల పిజ్జాలు రెండింటికి మైదా 300 గ్రాములు, నీళ్లు 190 మి.లీ., ఉప్పు 6 గ్రాములు (ఒక టీస్పూను, పైన చదును చేసి), చక్కెర 6 గ్రాములు (టీస్పూనున్నర), నూనె 2 టీస్పూన్లు. ఈస్ట్ మాత్రం కాలాన్ని బట్టి మారుతుంది, అది కింద చెబుతాను. కప్పులతో కొలవడం మానేయండి. అదే కప్పులో మైదాను వదులుగా నింపితే 125 గ్రాములు, అదిమి నింపితే 150 దాటుతుంది. రెండు కప్పులకు 50 గ్రాముల తేడా అంటే పిండి మెత్తగా వస్తుందా, రాయిలా వస్తుందా అన్నది అక్కడే తేలిపోతుంది. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కుంటే సగం సమస్యలు పోతాయి, ఈ మాట నొక్కి చెబుతున్నాను.

మైదా ప్యాకెట్ వెనక ప్రోటీన్ ఎంత రాశాడో చూడండి. 100 గ్రాములకు 10 గ్రాములకు తగ్గితే పిండి సాగకుండా చిరుగుతుంది. 11 ఉంటే మంచిది. గోధుమపిండి కొంచెం కలపాలనుకుంటే 60 గ్రాముల మైదా తీసేసి అంతే గోధుమపిండి వేయండి, నీళ్లు ఒక 10 మి.లీ. పెంచండి. మరలో ఆడించిన గోధుమపిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది. మొత్తం గోధుమపిండితోనే చేయాలంటే నీళ్లు 215 మి.లీ. దాకా పడతాయి, అయినా రొట్టెలా కాస్త బరువుగానే వస్తుంది.

ఇక నీళ్ల వేడి. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. కలపడం అయ్యాక పిండి ముద్ద 26 డిగ్రీల దగ్గర ఉంటే ఈస్ట్ నిదానంగా, సమంగా పనిచేస్తుంది. బేకరీవాళ్లు దానికో లెక్క వాడతారు. 26ను 3తో గుణిస్తే 78. అందులోంచి గది వేడి, పిండి వేడి, చేత్తో పిసికినప్పుడు పుట్టే 2 డిగ్రీలు తీసేస్తే మిగిలేదే నీళ్ల వేడి. మే నెలలో గది 36, డబ్బాలో మైదా 35 ఉన్నాయనుకోండి, మీకు కావాల్సింది 5 డిగ్రీల నీళ్లు, అంటే ఫ్రిజ్‌లో రాత్రంతా ఉన్న బాటిల్ నీళ్లు. జనవరిలో గది 22, పిండి 22 అయితే 32 డిగ్రీలు, అంటే చెయ్యి పెడితే వేడిగానూ చల్లగానూ తోచని నీళ్లు. వంటల వీడియోల్లో 'గోరువెచ్చని నీళ్లు' అని కళ్లు మూసుకుని చెప్పేస్తారు. అది చల్లటి దేశాల వంటగదులకు సరిపోయే మాట. మనకు సంవత్సరంలో నాలుగు నెలలు అది పనికిరాదు. మధ్యాహ్నం పూట మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లయితే అసలే వద్దు.

చల్లనీళ్లు వాడేటప్పుడు ఒక జాగ్రత్త. ఎండు ఈస్ట్‌ను నేరుగా చల్లనీళ్లలో వేయకండి, దాని కణాలు దెబ్బతిని పిండి జారుగా తయారవుతుంది. సన్న పొడిలా ఉండే ఇన్‌స్టంట్ ఈస్ట్ అయితే ముందు పొడి మైదాలో కలిపేసి తర్వాత నీళ్లు పోయండి. ఆవగింజల్లా కాస్త పెద్ద గుళికలుగా ఉండేది యాక్టివ్ డ్రై ఈస్ట్. దాన్ని మూడు చెంచాల గోరువెచ్చని నీళ్లలో చిటికెడు చక్కెరతో పది నిమిషాలు ఉంచి, నురగ వచ్చాక కలపండి. ఆ మూడు చెంచాలనూ 190 మి.లీ. లెక్కలోంచి తీసేయాలి. నురగ రాకపోతే ఆ ఈస్ట్ పారేయండి. తెరిచిన ప్యాకెట్‌ను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. అదే ఈ ఎండల్లో వంటగది అరలో పెడితే త్వరగా బలహీనపడుతుంది.

ఈస్ట్ మోతాదు, పై 300 గ్రాముల మైదాకు: ఎండాకాలంలో అదే రోజు చేసుకునేటట్టయితే అర టీస్పూను, చలికాలంలో ఒక టీస్పూను. ముందు రోజు కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకునేటట్టయితే ఏ కాలంలోనైనా పావు టీస్పూను చాలు. ఇవి ఇన్‌స్టంట్ ఈస్ట్ కొలతలు. యాక్టివ్ అయితే నాలుగో వంతు పెంచండి.

కలపడం దగ్గర చాలామంది చేసే తప్పే మీరూ చేశారు. నీళ్లు పోసి కలిపిన మొదటి మూడు నాలుగు నిమిషాలు ఈ పిండి చూడ్డానికి అధ్వానంగా ఉంటుంది. వేళ్ల సందుల్లో దూరుతుంది, గిన్నెకు అతుక్కుంటుంది, పైన గరుకుగా కనిపిస్తుంది. అప్పుడే మైదా చల్లాలని చెయ్యి లాగుతుంది. చల్లకండి. పొడి పిండి మిగలకుండా కలిపేసి, మూత పెట్టి, 20 నిమిషాలు వదిలేయండి. వెనక్కి వచ్చి చూస్తే అదే ముద్ద సగం నునుపు తేలి ఉంటుంది, ఎందుకంటే మైదా నీళ్లను పీల్చుకోవడానికి అంత సమయం పడుతుంది. అప్పుడు ఉప్పు, నూనె వేసి పిసకడం మొదలుపెట్టండి. అరచేతి మడమతో ముందుకు తోసి, మడిచి, పావు వంతు తిప్పి, మళ్లీ తోయాలి. ఎనిమిది పది నిమిషాలు. పూరీ పిండిలా బిగువుగా కాదు, బొబ్బట్లకు పై పిండి కలుపుతామే, దానికంటే ఒక్క పిసరు గట్టిగా. అంటుకుంటుంటే చేతికి నూనె రాసుకోండి, మైదా కాదు.

అయిందో లేదో చూడ్డానికి నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా పక్కలకు సాగదీయండి. కిటికీ వైపు పెడితే అవతలి వెలుతురు కనిపించేంత పల్చటి పొర చిరగకుండా రావాలి. చిరిగితే ఐదు నిమిషాలు ఆగి, మరో రెండు మూడు నిమిషాలు పిసకండి. వానాకాలంలో మైదా గాలిలోని తేమ పీల్చి ఉంటుంది కాబట్టి జూలై, ఆగస్టుల్లో 175 మి.లీ. నీళ్లతో మొదలుపెట్టి, మిగతావి అవసరమైతేనే పోయండి. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే ఇళ్లలో తాగే నీళ్లు వాడటం మేలు. మరీ గట్టి నీళ్లతో పిండి బిగుసుకుంటుంది, పొంగడమూ మందగిస్తుంది.

పొంగనివ్వడానికి నిటారు గోడలున్న గాజు లేదా పారదర్శక ప్లాస్టిక్ డబ్బా వాడండి. లోపల నూనె రాసి ముద్ద పెట్టి, పిండి ఎంత ఎత్తుందో బయట రబ్బరు బ్యాండుతో గుర్తు పెట్టండి. దానికి రెట్టింపు ఎత్తు రాగానే ఆపేయాలి. మే నెలలో 45 నిమిషాలకే రావచ్చు, జనవరి రాత్రుల్లో రెండు గంటలూ పట్టొచ్చు. పిండి అద్దిన వేలితో పొడిస్తే గుంట నెమ్మదిగా, సగం మాత్రమే పూడాలి. టక్కున పూడితే ఇంకా సమయం ఉంది. గుంట అలాగే ఉండిపోయి చుట్టూ పిండి కుంగితే దాటిపోయింది. కాస్త దాటినదాన్ని మళ్లీ ఉండ చేసి 20 నిమిషాలు ఆగి వాడుకోవచ్చు. మరీ పులిసి సారా వాసన కొట్టేది పిజ్జాకు పనికిరాదు. అందులోని చక్కెరలను ఈస్ట్ తినేసి ఉంటుంది, ఎంత కాల్చినా ఎర్రబడదు. మీ బేస్ తెల్లగా ఉండి గట్టిపడింది అన్నారు కదా, కారణం ఇదే.

నన్నడిగితే ఎండాకాలంలో ఫ్రిజ్ పద్ధతే చేయండి. పిసకడం అయ్యాక 20 నిమిషాలు బయట ఉంచి, రెండు ఉండలు చేసి (ఒక్కొక్కటి సుమారు 250 గ్రాములు), నూనె రాసిన విడి విడి డబ్బాల్లో పెట్టి 24 నుంచి 48 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఆ చల్లదనంలో ఈస్ట్ మెల్లగా పనిచేస్తుంది, ఈలోగా మైదాలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. రుచీ రంగూ రెండూ పెరుగుతాయి. పిండి కూడా సేద తీరి సులువుగా సాగుతుంది. కాల్చడానికి ముందు ఎండాకాలంలో ముప్పావు గంట, చలికాలంలో గంటన్నర బయట పెట్టాలి.

సాగదీసేటప్పుడు చపాతీ కర్ర వాడితే లోపలి గాలంతా పోయి అట్టలా వస్తుంది. పీట మీద బొంబాయి రవ్వ కొంచెం చల్లి, ఉండను పెట్టి, అంచు చుట్టూ వేలి మందం వదిలి, మధ్య నుంచి బయటకు వేళ్లతో అదుముతూ పోండి. వెనక్కి ముడుచుకుంటుంటే బలవంతం చేయొద్దు. తడిగుడ్డ కప్పి పది పదిహేను నిమిషాలు ఆగితే అదే మాట వింటుంది. గుడ్డ కప్పకపోతే మన ఎండాకాలపు పొడి గాలికి ఐదు నిమిషాల్లోనే పైన పొర కట్టేస్తుంది, ఆ పొర కట్టినచోట ఇక సాగదు, చిరుగుతుంది.

ఇప్పుడు కాల్చడం. నేపుల్స్‌లో కట్టెల బట్టీలో 430 డిగ్రీలకు పైన పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో కాలిపోతుంది. అందుకే తడి ఆరిపోకుండా, అంచు పొంగి మెత్తగా ఉంటుంది. ఇంటి ఓటీజీలు చాలావరకు 250 దాటవు. కాబట్టి ఉన్న వేడినంతా వాడుకోవాలి, 180 అస్సలు సరిపోదు. పిడి లేని ఇనుప పెనం ఓటీజీలో పట్టేది ఒకటి సంపాదించండి, బేగంబజార్ గిన్నెల దుకాణాల్లో వెతికితే దొరుకుతుంది. దాన్ని లోపల కింది అరలో పెట్టి, రెండు రాడ్లూ వేసి, 250 దగ్గర అరగంట కాగనివ్వండి. పది నిమిషాలకు లైటు ఆరిపోయినా లోపల గాలి మాత్రమే వేడెక్కి ఉంటుంది, ఇనుము కాదు. పెనం లేకపోతే ట్రేని బోర్లించి అదే పని చేయొచ్చు, ఫలితం కొంచెం తక్కువ. పిజ్జాను రవ్వ చల్లిన పలక మీద తయారుచేసి, కాగిన పెనం మీదికి జార్చాలి. జార్చడం భయమైతే బేకింగ్ పేపర్ మీద పెట్టి అలాగే పెట్టేసి, నాలుగు నిమిషాలయ్యాక కాగితం లాగేయండి. బటర్ పేపర్ పేరుతో అమ్మే చుట్టే కాగితం వేరు, అది ఓవెన్‌లో పెట్టకూడదు. మొత్తం 8 నుంచి 10 నిమిషాలు. అంచు ఎర్రబడి, అట్లకాడతో ఎత్తితే అడుగున గోధుమరంగు మచ్చలు కనిపిస్తే తీసేయండి.

చిన్న ఓటీజీ అయితే పిండిని మూడు ఉండలు చేసి 8 అంగుళాల పిజ్జాలు చేయండి. ఓటీజీ లేనివాళ్లు మందపాటి ఇనుప దోసె పెనం మీద చేసుకోవచ్చు. బాగా కాగిన పెనం మీద బేస్ వేసి మధ్యస్థ మంట మీద రెండు నిమిషాలు, తిరగేసి, కాలిన వైపు సాస్, చీజ్ వేసి, మూత పెట్టి సన్న మంట మీద నాలుగైదు నిమిషాలు. నాన్‌స్టిక్ పెనాన్ని మాత్రం ఇలా ఖాళీగా కాచకండి.

మధ్యలో పచ్చిగా ఉండిపోవడం అన్నది సాధారణంగా పిండి తప్పు కాదు, పైన వేసే సరుకు తప్పు. 10 అంగుళాలకు చిక్కగా ఉడికించిన టమాటా సాస్ మూడు పెద్ద చెంచాలు, చీజ్ 80 నుంచి 100 గ్రాములు, అంతే. క్యాప్సికం, ఉల్లిపాయ, పుట్టగొడుగులు నీళ్లు వదులుతాయి. పెనం మీద రెండు నిమిషాలు వేయించి చల్లార్చి వేయండి.

మిగిలిన ఉండలకు నూనె రాసి, ప్లాస్టిక్ కవర్లో గాలి లేకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే నెల రోజులు ఉంటాయి. వాడే ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా ఎండాకాలం వంటగదిలో పెడితే పైన పులిసి లోపల గడ్డగానే ఉంటుంది.