హోస్టింగ్ ప్లాను మార్చే ముందు నేమ్‌సర్వర్ల జాబితా చూడండి

సైటు ఒకసారి తెరుచుకున్నాక పేజీలన్నీ చకచకా వస్తున్నాయనీ, మొదటిసారి మాత్రం డొమైన్ పేరు వెతకడానికే మూడు నాలుగు సెకన్లు పడుతోందనీ, అందుకని ఖరీదైన ప్లానుకు మారాలా అనీ మీరు అడిగారు. మారవద్దు. పేరు వెతికే పని మీ వెబ్ సర్వరు దాకా రాకముందే జరిగిపోతుంది కనుక, ఆ సర్వరుకు ఎంత మెమరీ పెంచినా ఈ జాప్యం తగ్గదు. నేను చూసినంతలో ఇలాంటి ఫిర్యాదులకు మూలం దాదాపు ఎప్పుడూ ఒక్క చోటే ఉంటుంది: డొమైను కొన్న రిజిస్ట్రారు ఖాతాలో, కొన్న రోజు తరువాత ఎవరూ తెరిచి చూడని నేమ్‌సర్వర్ల (మీ డొమైన్ పేరుకు చిరునామా ఏమిటో చెప్పే సర్వర్ల) జాబితాలో.

మంగళగిరిలో చేనేత చీరల దుకాణం నడుపుతున్న మా పెద్దమ్మకు సైటు పెట్టి ఇచ్చింది నేనే. హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ ఉన్నవారు వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి చీరలు ఎంచుకుంటారు. వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం పెద్దమ్మ ఫోను చేసి, "నాన్నా, లింకు నొక్కితే ఫోను తెల్లగా ఉండిపోతోందట, ఇద్దరు విసుగొచ్చి మానేశారు" అంది. నేను తెరిస్తే వెంటనే వచ్చింది. హోస్టింగ్ వారికి రాస్తే వాళ్ళకీ వెంటనే వచ్చిందట. బ్రౌజరు కాష్ తుడిచేయమని చెప్పి టికెట్ మూసేశారు. ఈ సలహా వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఒకసారి వెతికిన పేరుకు జవాబు రిజల్వరు (మన ఫోను తరఫున పేరు వెతికిపెట్టే సర్వరు) దగ్గర కొంతసేపు నిలవ ఉంటుంది కనుక, వెంటవెంటనే తెరిచి చూసేవారికి ఈ జబ్బు కనిపించదు. బాధంతా కొత్తగా వచ్చే కొనుగోలుదారుదే.

ఆ రాత్రి కంప్యూటరులో, డొమైన్ పేర్ల జవాబులను పరీక్షించే డిగ్ (dig) ఆదేశాన్ని ట్రేస్ (+trace) ఆప్షనుతో నడిపాను. అది పేర్ల వెతుకులాటకు మొదటి మెట్టయిన రూట్ సర్వర్ల దగ్గర మొదలుపెట్టి, .inతో ముగిసే పేర్లను చూసుకునే డాట్ ఇన్ సర్వర్ల మీదుగా మన డొమైను వరకు ఎవరు ఎవరిని చూపిస్తున్నారో వరుసగా చెబుతుంది. డాట్ ఇన్ సర్వర్లు మా డొమైనుకు నాలుగు నేమ్‌సర్వర్లు చూపించాయి. రెండు కొత్త హోస్టింగువి, రెండు ఏడాది క్రితమే మేము వదిలేసిన పాత హోస్టింగువి. నాలుగింటినీ పేరు పెట్టి విడివిడిగా అడిగాను. కొత్తవి 40 మిల్లీసెకన్లలోపే బదులిచ్చాయి. పాతవాటిలో దేన్ని అడిగినా తెర మీద కర్సరు తప్ప ఏమీ కదలలేదు. డిగ్ 5 సెకన్ల చొప్పున 3 సార్లు ప్రయత్నించి, 15 సెకన్లయ్యాక ఏ సర్వరూ అందలేదని తేల్చింది. రిజల్వరు ఈ నాలుగింటిలో ముందు దేన్ని అడుగుతుందో మన చేతిలో ఉండదు. పలకని సర్వరు తగిలితే అది కాసేపు ఎదురుచూసి, ఇక జవాబు రాదనుకున్నాకే మరొకదాన్ని అడుగుతుంది. మా కొనుగోలుదారులు తెల్ల తెర చూస్తూ కూర్చున్నది ఆ కాసేపే.

దీనికి తోడు, హోస్టింగ్ మార్చినప్పుడు 300 సెకన్లకు తగ్గించిన టీటీఎల్‌ను నేను మళ్ళీ పెంచలేదు. జవాబును ఎంతసేపు నిలవ ఉంచుకోవచ్చో రిజల్వరుకు చెప్పేది అదే. ఎప్పుడూ రద్దీగా ఉండే సైటుకు 5 నిమిషాలు సరిపోతాయి, ఎందుకంటే ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కనుక జవాబు నిలవలో ఉంటూనే ఉంటుంది. గంటకు నలుగురు వచ్చే చీరల దుకాణానికి మాత్రం వచ్చిన ప్రతివారూ మొదటివారే అవుతారు. చిన్న సైట్లకు టీటీఎల్ తక్కువ ఉంటే మంచిదని చెప్పేవారితో నేను ఎంతమాత్రం ఏకీభవించను. సర్వరు మార్చదలచుకుంటే ఒక రోజు ముందు తగ్గించుకుని, పని కాగానే పెంచేయాలి.

పాత నేమ్‌సర్వర్లు రెండింటినీ రిజిస్ట్రారు దగ్గర తీసేశాను, జోన్‌లోనూ (నేమ్‌సర్వర్లలో ఉండే మా డొమైను రికార్డుల పట్టికలోనూ) అవి మిగలకుండా చూశాను, టీటీఎల్‌ను 86400 సెకన్లకు, అంటే ఒక రోజుకు పెంచాను. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో మొదలయ్యే పేరు ఒక సీనేమ్ (ఒక పేరును ఇంకో పేరుకు మళ్ళించే రికార్డు) నుంచి ఇంకో సీనేమ్‌కు, అక్కడి నుంచి అసలు చిరునామాకు పోతూ ఉండేది. మధ్యలోని అనవసరపు మజిలీని తొలగించాను. పాత జాబితాను నిలవ ఉంచుకున్న రిజల్వర్ల దగ్గర దాని గడువు తీరడానికి ఒకటి రెండు రోజులు పట్టింది, ఆ తరువాత పెద్దమ్మకు అలాంటి ఫిర్యాదు రాలేదు.

మీ ఫోనులో డీఎన్ఎస్‌ను (పేర్లను చిరునామాలుగా మార్చే వ్యవస్థను), అంటే ఫోను వాడే రిజల్వరును, గూగుల్ వారి 8.8.8.8కో క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1కో మార్చుకోమని మీకు చాలామంది చెబుతారు. దానివల్ల మీకు తేడా కనిపించినా, మీ సైటుకు వచ్చేవారి ఫోన్లు మీ చేతిలో లేవు కదా. మీ నేమ్‌సర్వర్లన్నీ సరిగ్గా పలుకుతూ కూడా ఆలస్యం అవుతుంటే, అవి ఎక్కడో విదేశంలో ఒకే చోట ఉన్నాయేమో చూడండి. అలాగైతే వెబ్ హోస్టింగును కదపకుండా, డీఎన్ఎస్‌ను మాత్రం ఎనీకాస్ట్ పద్ధతిలో అనేక నగరాల నుంచి జవాబిచ్చే సేవకు మార్చుకోవచ్చు. ముందు మాత్రం ట్రేస్ నడిపి, అందులో కనిపించిన ప్రతి నేమ్‌సర్వరునూ విడివిడిగా అడిగి చూడండి. ఒక్కటి పలకకపోయినా దాన్ని ఈ రోజే తీసేయండి.