గులాబీ రాయి కొంటే పాప ఫీజుకు అక్కరకొస్తుందా?

పరకాల నుంచి ఒక సోదరి రాశారు: "ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మితే ఖర్చులు పోను 3 లక్షలు మిగిలాయి. రెండేళ్లకు పాప ఇంజినీరింగ్‌లో చేరాలి. మా ఆడబిడ్డ భర్త కుంజైట్ అనే అరుదైన గులాబీ రాయి కొనమంటున్నారు. రెండేళ్లలో రెట్టింపవుతుందట. 10 వేలు అడ్వాన్స్ ఇచ్చాం. మిగతాది ఇవ్వమంటారా?"

ఇవ్వకండమ్మా. రాయి నకిలీదని కాదు, అసలైనదే అయినా నా మాట ఇదే.

కుంజైట్ నిజంగా అందమైన రాయి. స్పోడుమీన్ అనే ఖనిజంలో గులాబీ రకం. 1902లో కాలిఫోర్నియాలో బయటపడితే, జార్జ్ కుంజ్ అనే రత్నాల నిపుణుడి పేరు పెట్టారు. కొద్దిపాటి మాంగనీస్ కలవడం వల్ల దానికి ఆ రంగు. చిక్కంతా ఆ రంగుతోనే. ఎక్కువకాలం ఎండ తగిలినా, బాగా వేడి తగిలినా వెలిసిపోతుంది. రంగు తగ్గిన మిర్చికి రేటు ఎంత పడిపోతుందో మీకు నేను చెప్పాలా? మిర్చినైతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి కాపాడుకుంటాం. మెడలో వేసుకునే రాయిని ఎన్నాళ్లని చీకట్లో దాస్తాం? పైగా దానికి రెండు దిశల్లో చీలే గుణం ఉంది, గట్టిగా దెబ్బ తగిలితే పగులుతుంది.

అందులో లిథియం ఉంది, బ్యాటరీల వల్ల రేటు పెరుగుతుందని కూడా చెప్పి ఉంటారు. స్పోడుమీన్ నుంచి లిథియం తీసే మాట నిజమే. కానీ ఉంగరంలో పట్టే రాయిలో ఉండే లిథియం ఏపాటిది?

అసలు సంగతి అమ్మకం. మిర్చికి రోజూ మార్కెట్లో రేటు పలుకుతుంది, బంగారానికీ అంతే. ఈ రాయికి అలాంటి రేటు లేదు. ల్యాబ్ సర్టిఫికెట్ అది ఏ రాయో చెబుతుంది, ఎంతకు కొంటారో చెప్పదు. గోల్డ్ లోన్‌కు వెళ్తే రాళ్ల బరువు తీసేసి బంగారానికే లెక్క కడతారు కదా. నమ్మకం కుదరకపోతే వరంగల్ చౌరస్తాలో రెండు మూడు నగల దుకాణాలకు వెళ్లి, "ఈ రాయి మేం అమ్మితే ఎంతిస్తారు?" అని అడిగి చూడండి.

పంట రుణం ఉంటే ముందు గడువులోపు కట్టేయండి, వడ్డీ రాయితీ పోగొట్టుకోవద్దు. మిగిలింది పోస్టాఫీసులో రెండేళ్ల టైమ్ డిపాజిట్ చేయండి. రెట్టింపు కాదు, కానీ ఫీజు కట్టే రోజున చేతిలో ఉంటుంది.

ఇంటి అల్లుడి మాట కాదనడం ఎంత కష్టమో తెలుసు. ఆడబిడ్డను కూడా కూర్చోబెట్టుకుని, పాప చదువు పైసలని చెప్పి అడ్వాన్స్ వెనక్కి అడగండి. ఒకవేళ రాకపోయినా, ఆ 10 వేల కోసం 2 లక్షల 90 వేలు పెట్టొద్దు.