మెట్ల దగ్గర మొదలుపెట్టు

బ్రాడీపేట, గుంటూరు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ ముప్పు చాలా ఎక్కువ" అని మొదటి వాక్యంలోనే రాసేశావు. అంటే ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో ప్రెషర్ పెరిగే జబ్బు. ముప్పు ఎంత ఎక్కువో చెప్పలేదు. రోజూ మాత్ర వేసుకుంటూ తన పని తాను చేసుకుంటున్న మనిషి అది చదివితే ఆ రాత్రి నిద్రపోతాడా?

లెక్క ఉంది కదా. ఫ్రాన్స్‌లో హెచ్‌ఐవీ ఉన్న 7,648 మందిని పరిశీలించి 2008లో ప్రచురించారు. తేలింది 0.46 శాతం, అంటే సుమారు రెండొందల మందిలో ఒకరికి. అదే జబ్బు మామూలు జనంలో పది లక్షల్లో కొన్ని పదుల మందికే ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కనే రాయి. మొదటిది ధైర్యమిస్తుంది, రెండోది జాగ్రత్త చెబుతుంది.

ఇంకో మాట. హెచ్‌ఐవీని అదుపులో పెట్టే ఇప్పటి ఏఆర్‌టీ మందులు రాకముందు, 1991లో స్విట్జర్లాండ్‌లో వేసిన లెక్కా అర శాతమే. మందులు ఆయుష్షు పెంచాయి గానీ ఈ జబ్బును తగ్గించినట్టు కనపడదు. నా దృష్టిలో అసలు వార్త ఇదే. నీ వ్యాసంలో అది చివరి పేరాలో పడి ఉంది. ఎకోతో, అంటే గుండె స్కాన్‌తో, మాత్రమే వేసిన లెక్కలు ఇంతకన్నా పెద్దగా వస్తాయి, వాటిని ఇందులో కలపకు. ఎకో అనుమానం వరకే. గుండె కుడివైపుకి సన్న గొట్టం పంపి ప్రెషర్ కొలిస్తేనే ఖాయం.

మీ విజయవాడలో మొగల్రాజపురం కొండ మెట్లు ఉన్నాయి కదా, అక్కడ మొదలుపెట్టు. నడుమున బిందెతో ఒక్క ఊపున ఎక్కే ఆవిడ మూడుచోట్ల కూర్చోవడం నేను చూశాను. పాదం వాచి చెప్పు పట్టీ అచ్చు లోతుగా దిగింది. రక్తం తక్కువని టానిక్ తాగింది, టీబీ ఏమోనని కళ్లె పరీక్ష చేయించుకుంది. నెలలు గడిచాక గానీ ఎకో తీయలేదు.

ఆవిడ గురించి రాసినప్పుడు పేరు మార్చాను. తలుపు రంగు మాత్రం మార్చలేదు. వారం తిరక్కుండా వీధంతా తెలిసిపోయింది, ఆవిడ ఇల్లు ఖాళీ చేసింది. ఇష్టం లేకుండా ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదని 2017 చట్టమే చెబుతోంది. నాకు చట్టం కన్నా ఆ సామాన్లు దించిన రిక్షానే గుర్తొస్తుంది.

నువ్వు కలిసినావిడకు వ్యాసం చదివి వినిపించు. ఆవిడ తీసేయమన్నవి తీసేసి పంపు.

మీ అన్నయ్య