ఫొటోలో నది చదునైన పట్టీలా ఎందుకు కనిపిస్తుంది?

ఒడ్డున నిలబడి కెమెరాను నేరుగా అవతలి ఒడ్డు వైపు పెట్టి తీస్తే నది ఫ్రేములో అడ్డంగా పరచుకుంటుంది, అందుకే అది లోతు లేని పట్టీలా కనిపిస్తుంది.

ఫొటోలో దూరాన్ని మనకు తెలియజేసే ముఖ్యమైన ఆధారం దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా కనిపించడం. అడ్డంగా తీసినప్పుడు రెండు ఒడ్లూ దాదాపు సమాంతర గీతలవుతాయి, చూపు లోపలికి వెళ్లడానికి దారి ఉండదు. అదే ప్రవాహం వెంబడి, కాస్త ఏటవాలుగా తీస్తే ఒడ్లు దూరం వెళ్లేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతున్నట్టు కనిపిస్తాయి, చూపు నీటితోపాటే సాగుతుంది.

ఒక వాగునే తీసుకోండి. కెమెరాను మోకాలి ఎత్తుకు దించి, ముందు భాగంలో తడిసిన రాయిని, దాని అంచున చీలిపోతున్న నురగను ఉంచండి. నీరు ఫ్రేము కింది మూలలో మొదలై ఎదురు వైపు పైకి సాగేలా చూడండి. వాగు వెడల్పు మారలేదు, కానీ ఫొటోకు లోతు వచ్చేస్తుంది. నది మెలికలు చూపాలంటే మాత్రం గట్టో వంతెనో ఎక్కాల్సిందే. కెమెరా కిందికి దిగేకొద్దీ మలుపులు ఒకదాని వెనుక ఒకటి దాక్కుంటాయి.

కెమెరాలోకి వెలుగును వదిలే తెరను, అంటే షట్టరును, ఎక్కువసేపు తెరిచి ఉంచి నీటిని నునుపుగా చేస్తే చాలు, నది ఫొటో అందంగా వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నీటి తీరును మారుస్తుందే తప్ప కూర్పును, అంటే ఫ్రేములో ఏది ఎక్కడ ఉందనే అమరికను, కాదు. నురగ లేని వెడల్పాటి నదిలోనైతే ఉన్న కొద్దిపాటి అలలు కూడా చెరిగిపోయి, నీరు మరింత చదునుగా కనిపిస్తుంది. ముందు నిలబడే చోటు మార్చండి, షట్టరు సంగతి తర్వాత.